అప్పన్న మారిషస్‌లో ఇంటిపేరు ఎలా అయ్యాడు

ఇది కాస్త పొడుగు పోస్టు. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, మధ్యలో వదిలేసినా ఏమీ అనుకోను.

ఫ్రెంచి భాషలో నవలలు రాసే ఒకావిడ ఉన్నారు, పేరు నతాషా అప్పానా. 1973లో మారిషస్ దీవిలోని మాహెబూర్‌లో పుట్టారు, తర్వాత ఫ్రాన్సు వెళ్ళి స్థిరపడ్డారు. 2003లో వచ్చిన ఆవిడ మొదటి నవల చెరుకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళిన మన కూలీల గురించి. 2023లో తన తాతముత్తాతల మీదే ఇంకో పుస్తకం రాశారు. ఆవిడ పూర్తి పేరు నతాషా దేవి పాతరెడ్డి అప్పానా. ఫ్రెంచి వాళ్ళు దీన్ని ఎలా పలుకుతారో గాని, తెలుగు చెవికి ఇది స్పష్టంగా వినబడుతుంది: పాతరెడ్డి అప్పన్న. ముందు ఇంటిపేరులాంటిది, వెనక మనిషి పేరు. మన ఊళ్ళో వరస ఇదే కదండీ. కాని పుస్తకాల అట్ట మీద మిగిలింది వెనకదే. ఎప్పుడో ఒక మగమనిషికి పెట్టిన పేరు ఇప్పుడు ఒక ఆడమనిషి ఇంటిపేరు.

అప్పానా అనే ఇంటిపేరు ప్రపంచంలో అరుదైనది. అప్పన్న అనే పేరు మాత్రం అరుదు కాదు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు వెళ్తే సింహాచలం స్వామిని సింహాద్రి అప్పన్న అంటారు. ఆయన పేరు మీద అప్పన్న, అప్పారావు, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనరసమ్మ, ఆఖరికి ఆడా మగా తేడా లేకుండా సింహాచలం అని కూడా పెట్టుకుంటారు. అందుకే దూరదేశంలో ఎవరికైనా ఇంటిపేరు అప్పానా అని ఉంటే, ఆ వంశంలో మొదట ఓడెక్కినవాడు ఆ మూడు జిల్లాల వాడో, వాటికి దగ్గరలోని వాడో అయి ఉండొచ్చని నా లెక్క. ఇంటిపేరు పోయినా దేవుడు దారి చూపిస్తున్నాడన్నమాట.

ఇక ఎలా పోయిందో చూద్దాం. ఇది నాకు బాగా అర్థమయ్యే విషయం, ఎందుకంటే ఇందులో ఉన్నది ఫారాలు, కాలమ్‌లు, గుమాస్తాలు. నా సర్వీసంతా వాటితోనే గడిచింది.

మారిషస్‌కి బ్రిటిష్ వాళ్ళు ఒప్పందం కూలీలను తీసుకెళ్ళడం 1834లో మొదలైంది. మొత్తం మీద సుమారు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారు. వాళ్ళు దిగిన పోర్ట్ లూయీ రేవు మెట్లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది, ఆప్రవాసీ ఘాట్ అంటారు. మన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలు అన్నారు. బర్మాలో కూడా అదే పేరు. యానాం దగ్గర గౌతమి నుంచి చీలి వెళ్ళే పాయ మీద ఉన్న కోరంగి రేవు పేరే అది. 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది, వ్యాపారం కాకినాడకి మారింది. రేవు పోయినా పేరు సముద్రాల అవతల ఒక జాతి పేరుగా నిలబడిపోయింది. మన ఇళ్ళకు ఇంత దగ్గర్లో ఉన్న ఊరు, మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో చెప్పండి.

దిగిన ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చేవారు. రిజిస్టరులో ఆ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, జిల్లా, ఓడ పేరు రాసుకునేవారు. 1860ల నుంచి ఫోటో కూడా తీశారు. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. చూశారా, ఎంత వివరంగా రాసుకున్నారో. ఒంటి మీద పుట్టుమచ్చ కూడా వదల్లేదు. కాని ఇంటిపేరుకు కాలమ్ లేదు. బీహారు నుంచి వచ్చిన కూలీకి మన పద్ధతి ఇంటిపేరు లేదు, తమిళ కూలీకీ లేదు. ఫారం తయారుచేసినవాడికి తెలుగువాడి పేరు ముందు ఇంకో పేరు ఉంటుందని తట్టలేదు. కాలమ్ లేని సంగతిని ఏ గుమాస్తా రాయడు. నేనూ రాయను.

తర్వాత తరం వచ్చింది. పిల్లవాడి జననం నమోదు చెయ్యాలంటే అక్కడి చట్టానికి ఇంటిపేరు కావాలి. కాగితం మీద ఉన్నది తండ్రి పేరు ఒక్కటే. దాన్నే ఎక్కించారు. అప్పన్న కొడుకు ఫలానా అప్పానా. మనవడూ అప్పానాయే. ఒక మనిషి పేరు అక్కడ గడ్డకట్టిపోయింది. రామస్వామి, వెంకటసామి, అప్పాడూ అన్నీ ఇలా తయారైనవే.

దీనివల్ల ఏం జరిగిందో కొంచెం ఆలోచించండి. ఒకే ఇంటిపేరు గల ఇద్దరు అన్నదమ్ములు, ఒకడి పేరు అప్పన్న, రెండోవాడి పేరు వెంకటసామి అనుకుందాం. ఇద్దరూ ఓడెక్కారు. మూడో తరానికి వాళ్ళ మనవలు కాగితం మీద ఒకరికొకరు ఏమీ కారు. ఇంకోవైపు, బొబ్బిలి అప్పన్నకీ టెక్కలి అప్పన్నకీ ఏ సంబంధమూ లేకపోయినా వాళ్ళ మనవలు ఒకే ఇంటిపేరు వాళ్ళు. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస, పెళ్ళి కుదరదు అని మన పెద్దలు చెప్పే లెక్క అక్కడ పూర్తిగా తలకిందులైంది. నిజంగా అన్నదమ్ముల పిల్లలైనవాళ్ళకు తెలియదు, కానివాళ్ళు మనం ఒకటే అనుకుంటారు.

దక్షిణాఫ్రికాలో ఇంకో రకం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దర్బన్ చేరింది, 1911 దాకా 1,52,184 మంది వెళ్ళారు. అక్కడి జాబితాల్లో కులం కాలమ్ ఉంది. కాబట్టి అక్కడ చాలామందికి కులబిరుదే ఇంటిపేరయింది. నాయుడూ, రెడ్డి, పిళ్ళే, గవుండర్ మారి గోవెండర్. దర్బన్‌లో నాయుడూ అంటే ఏ ఊరివాడో, ఏ ఇంటివాడో, అసలు తెలుగువాడో తమిళుడో కూడా చెప్పలేం. నా దృష్టిలో ఇది అప్పానా కంటే పెద్ద నష్టం. అప్పానాలో కనీసం ఒక ముత్తాత ఉన్నాడు.

ఇక్కడ గుమాస్తాగా నాకు సరదాగా అనిపించే ఒక సంగతి. ఆ పేర్ల స్పెల్లింగు చూస్తే రాసినవాడు ఎవడో తెలిసిపోతుంది. ఇంగ్లీషువాడు రాస్తే నాయుడు చివర డబుల్ ఓ పెడతాడు. ఫ్రెంచివాడు రాస్తే ఓ, యూ పెడతాడు. మన యానాంలో పాత ఫ్రెంచి కాగితాల్లో నాయుడు అలాగే ఉంటాడు. మేయరుగా చేసిన సమతం కృష్ణయ్య గారి పేరును వాళ్ళు క్రూష్నయ అని ఎంత వంకరగా రాశారంటే, మొదటిసారి చూసినవాడు రష్యన్ అనుకుంటాడు. కాని గమనించండి, సమతం చెక్కుచెదరలేదు. 1954 జూన్ 13న యానాం విమోచనానికి ముందు నిలిచిన దడాల రఫేల్ రమణయ్య గారి పేరులోనూ దడాల అలాగే నిలబడింది. ఫ్రెంచి కచేరీ పద్ధతిలో వంశం పేరును ముందు పెద్ద అక్షరాల్లో రాసి, తర్వాత మనిషి పేరు రాస్తారు. అది మన తెలుగు వరసే. అందువల్ల యానాంలో ఇంటిపేరు ముందు ముందే ఉండిపోయింది.

ఈ రేవు నుంచి వెళ్ళినవాళ్ళ సంగతి మాత్రం వేరు. 1828లో మొదలుపెట్టి రెండు మూడేళ్ళలో సుమారు మూడు వేల మందిని ఫ్రెంచివాళ్ళు బూర్బన్ దీవికి, అంటే ఇప్పటి రీయూనియన్‌కి పంపారు. వాళ్ళను తెలింగులు అని రాసుకున్నారు. మారిషస్‌కి కూలీలు వెళ్ళడానికి ముందే ఇది జరిగింది. 1848 డిసెంబరు 20న ఆ దీవిలో బానిసత్వం రద్దయినప్పుడు సుమారు 62,000 మందికి ఒకేసారి ఇంటిపేర్లు కావలసి వచ్చాయి. ఆఫీసర్లు కూర్చుని పేర్లు కల్పించారు. ఇంటిపేరు అనేది అక్కడ సర్కారు ఇచ్చే వస్తువు.

పుదుచ్చేరిలో కూడా కొంచెం అలాంటిదే జరిగింది. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం, మన ఆచారం తాలూకు చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వచ్చేవాళ్ళు ఒక వంశనామం ఎంచుకోవాలి. బూట్లు వేసుకుని కోర్టుకు వెళ్ళి గొడవపడిన వకీలు పొన్నుతంబి గారు లాపోర్త్ అయ్యారు. ఫ్రెంచిలో లాపోర్త్ అంటే తలుపు. ఇలా మారినవాళ్ళు ఎక్కువగా పుదుచ్చేరి, కారైకాల్ వైపే. తమిళంలో చదువుకున్నవాడిని కాబట్టి దీనికి కారణం నాకు ఇలా తోస్తుంది. తమిళుడికి వంశపారంపర్యంగా వచ్చే ఇంటిపేరు లేదు, తండ్రి పేరులో మొదటి అక్షరం ఇనిషియల్, అది తరానికి ఒకసారి మారిపోతుంది. మా బళ్ళో ఇనిషియల్ అంటే అప్పా పేరు. నాకు మాత్రం అది మా ఊరి పేరు, మా తాతకి తాతది. పక్కన కూర్చున్నవాడికి ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు. ఇంటిపేరు లేనివాడు కొత్తది ఎంచుకోవాలి. ఉన్నవాడికి ఆ అవసరం ఏముంది?

ఇప్పుడు లెక్కల సంగతి. పోలండులో ప్రభుత్వమే పౌరుల రిజిస్టరు నుంచి ఇంటిపేర్ల జాబితా బయటపెడుతుంది. నోవాక్ అనే ఇంటిపేరువాళ్ళు రెండు లక్షల పైన. నోవాక్ అంటే కొత్తగా వచ్చినవాడు, మన "కొత్త" వారే అనుకోండి. కొవాల్‌స్కి అంటే కమ్మరి. వాళ్ళ పేర్ల చివర వచ్చే స్కి చాలాసార్లు ఊరి పేరుకు తగిలిస్తారు, మన పల్లి, పాటి, పూడి ఎలాగో అలాగ. ఇద్దరు ముగ్గురే మిగిలిన ఇంటిపేరు కూడా ఆ జాబితాల్లో దొరుకుతుంది. దక్షిణ కొరియా జనాభా లెక్కల్లో ఇంటిపేరు లెక్కిస్తారు, 2015లో కిమ్ ఇంటిపేరువాళ్ళు కోటీ ఆరు లక్షల పైన. మన దేశంలో? 2011 లెక్కల్లో యానాం జనాభా 55,626 అని తెలుసు. ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకున్నారు కూడా. కాని ఇంటిపేర్లవారీ పట్టిక వెయ్యరు, 1948 చట్టం ప్రకారం ఎవరి వివరాలూ బయటపెట్టరు. అది మంచిదే. కాబట్టి మన ఇంటిపేరు ఎంత అరుదైనదో సర్కారు మనకు చెప్పదు. మనమే లెక్కపెట్టుకోవాలి.

అందుకే ఇదంతా రాశాను. మన సంఘం సభ్యుల డైరెక్టరీ అచ్చుకు వెళ్ళబోతోంది. స్థలం కలిసొస్తుందని ఇంటిపేరుకు ఒక్క ఇంగ్లీషు అక్షరం వేస్తే చాలు అని కమిటీలో అనుకుంటున్నారట. అయ్యా, అమ్మా, వద్దు. రైల్వే రిజర్వేషన్ ఫారంలో పేరు 15 అక్షరాలకు మించకూడదని ఉండేది. మన తెలుగు పేర్లు ఆ గడుల్లో పట్టవు. ముందు నరికేది ఇంటిపేరునే, కె. సత్యనారాయణ అయిపోతాడు. ఒకే బోగీలో ముగ్గురు కె. సత్యనారాయణలు ఎక్కిన చార్టులు నేను చూశాను. రైలు దిగాక ఆ చార్టుతో పని లేదు. డైరెక్టరీ అలా కాదు, మన మనవలు చూస్తారు. వాళ్ళలో సగం మంది ఇప్పటికే అమెరికాలో, ఫ్రాన్సులో ఉన్నారు. పాస్‌పోర్టులో పేరు అంతా ఒకే గడిలో పడి, అమెరికా వీసా మీద ఎఫ్.ఎన్.యూ. అని, అంటే మొదటి పేరు తెలియదు అని, వేయించుకుని వస్తున్నారు. మోకాలోని రిజిస్టరుకీ దీనికీ తేడా ఏముంది?

నా ప్రతిపాదన ఇది. ఇంటిపేరు పూర్తిగా, తెలుగు లిపిలో. పక్కనే పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగు. ఆ ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందో ఇంట్లో చెప్పుకునే మాట ఉంటే ఒక లైను. ఇంకొకటి, ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరు కాలమ్ తప్పకుండా ఉండాలి. పెళ్ళితో వాళ్ళది మారిపోతుంది, మనం ఎవరం రాసుకోం. పూర్వం శారదా చట్టం తప్పించుకోవడానికి జిల్లాలనుంచి పెళ్ళివారు యానాం వచ్చి ముహూర్తాలు పెట్టుకునేవారు, అందుకే దీన్ని కళ్యాణపురం అన్నారు. ఇక్కడ పీటల మీద కూర్చున్న ఆ చిన్నపిల్లల పుట్టింటి పేర్లు వాళ్ళ మునిమనవల్లో ఎంతమంది చెప్పగలరు? మా నాయనమ్మ పుట్టింటి పేరు కోసం నేను మూడు ఊళ్ళు తిరిగాను, ఆఖరికి ఒక పాత దస్తావేజులో సాక్షి సంతకం దగ్గర దొరికింది.

కాగితం ఖర్చు పెరుగుతుందంటే నాలుగు పేజీలు. దానికి నా వంతు నేను ఇస్తాను. ఇంట్లో ఎనభై దాటిన వాళ్ళుంటే ఈ ఆదివారం లోపల వాళ్ళను అడిగి, తల్లి పుట్టింటి పేరు, తల్లికి తల్లి పుట్టింటి పేరు రాసి పంపండి. కామెంట్లలో పెట్టకండి, అవి కిందికి వెళ్ళిపోతాయి. చీటీ మీద రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి, ఇంటిపేరు మాత్రం పూర్తిగా.