రాక్ సంగీతం: నల్లజాతి కళాకారులకు ఆలస్యంగా దక్కిన పేరు, అందని పైకం

ఎలక్ట్రిక్ గిటార్ మీటుతూ చర్చి పాటలను క్లబ్బుల దాకా తీసుకెళ్లిన గాయని సిస్టర్ రోజెట్టా థార్ప్ 1973లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చనిపోయారు. సుమారు 35 ఏళ్లు ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. అభిమానులు కచేరీ పెట్టి డబ్బు పోగుచేశాకే ఆ రాయి వచ్చింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2018లో దక్కింది. ఆమె 1944లో రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే’ని తొలి రాక్ అండ్ రోల్ రికార్డుల్లో ఒకటిగా చాలామంది చరిత్రకారులు లెక్కిస్తారు.

రాక్ సంగీతం నల్లజాతి ప్రజల బ్లూస్, గాస్పెల్ పాటల నుంచి పుట్టిందని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోవడం తేలిక, అందుకు ఖర్చేమీ లేదు. గుర్తింపు అనే మాటను విడదీసి చూస్తే అందులో మూడు విషయాలున్నాయి: పేరు, పైకం, నిర్ణయాధికారం. నల్లజాతి కళాకారుల విషయంలో ఈ మూడూ ఎక్కడెక్కడ ఆగిపోయాయో చూస్తేనే అసలు కథ అర్థమవుతుంది.

పాటల జాబితాలోనూ వెలివాడ

1920ల నుంచి అమెరికన్ కంపెనీలు నల్లజాతి కళాకారుల పాటలను ‘రేస్ రికార్డులు’ అనే పేరుతో విడిగా అమ్మాయి. సంగీత వ్యాపార పత్రిక బిల్‌బోర్డ్ కూడా 1940లలో అదే పేరుతో వేరే జాబితా వేసింది. 1949లో ఆ పేరు తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పెట్టింది. పేరు మారింది కానీ గోడ అలాగే ఉంది. ప్రధాన పాప్ జాబితా, పెద్ద రేడియో స్టేషన్లు, పెద్ద అమ్మకాలు ఎక్కువగా గోడకు అవతలే ఉండిపోయాయి.

గోడ దాటించే పని తెల్లజాతి గాయకులు చేశారు. లిటిల్ రిచర్డ్ 1955లో పాడిన ‘టూటీ ఫ్రూటీ’ని ప్యాట్ బూన్ వెంటనే మళ్లీ పాడాడు. పాప్ జాబితాలో బూన్ రికార్డే పైకి వెళ్లింది. పాటను సృష్టించినవాడి కన్నా దాన్ని ‘మర్యాదస్తుల’ ఇళ్లలోకి చేర్చినవాడికి ఎక్కువ మార్కెట్ దొరికింది.

కాగితం మీద ఉన్నదే హక్కు

దీన్ని దొంగతనం అని ఒక్క మాటలో తేల్చేస్తే చట్టం చేసిన పని కనిపించకుండా పోతుంది. బిగ్ మామా థార్న్‌టన్ అనుభవం చూడండి. ఆమె 1952లో రికార్డు చేసిన ‘హౌండ్ డాగ్’ మరుసటి ఏడాది రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో 7 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ అదే పాట పాడి దేశమంతా ఊపేశాడు. పాట రాసింది జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే ఇద్దరు తెల్లజాతి కుర్రాళ్లు. కాబట్టి ప్రెస్లీ రికార్డు మీద రచయితల వాటా వాళ్లకు వెళ్లింది. ఆ పాటకు ప్రాణం పోసిన గొంతుకు మాత్రం చట్టంలో వాటా లేదు. తనకు అందింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని థార్న్‌టన్ చెప్పేవారు.

పోనీ, సొంతంగా రాస్తే? ‘బాల్ అండ్ చైన్’ ఆమె సొంత పాటే. కానీ దాని కాపీరైట్ రికార్డు కంపెనీ దగ్గర ఉండిపోయింది. జానిస్ జోప్లిన్ గొంతులో ఆ పాట 1960ల చివర్లో మోగిపోయినా, ప్రచురణ హక్కుల డబ్బు థార్న్‌టన్‌కు అందలేదు.

కాపీరైట్ చట్టం పాట మాటలనూ బాణీనీ రక్షిస్తుంది. పాడే తీరును, గిటార్ మీద వేళ్ల నడకను, లయను విరిచే పద్ధతిని రక్షించదు. నల్లజాతి కళాకారుల సృజన చాలావరకు ఉన్నది అక్కడే. నేటికీ అమెరికాలో ఏఎం, ఎఫ్‌ఎం రేడియోలో పాట వేస్తే రచయితకూ ప్రచురణకర్తకూ డబ్బు వెళ్తుంది, పాడినవారికి వెళ్లదు.

కాగితం మీది పేర్లు కూడా ఎప్పుడూ నిజం చెప్పవు. చక్ బెర్రీ 1955లో చేసిన ‘మేబెలిన్’ పాటకు రేడియో వ్యాఖ్యాత అలన్ ఫ్రీడ్‌ను, మరొకరిని సహరచయితలుగా నమోదు చేశారు. ఆ పేర్లు తొలగించి పూర్తి హక్కు బెర్రీకి దక్కేసరికి 1986 వచ్చింది.

లెక్క అడిగినవారు

1950లలో అట్లాంటిక్ రికార్డ్స్‌ను నిలబెట్టిన గాయని రూత్ బ్రౌన్ తర్వాతి దశాబ్దంలో ఇళ్లలో పనిమనిషిగా, బస్సు డ్రైవర్‌గా బతికారు. ఆమె రాయల్టీ లెక్కలు అడిగారు, న్యాయవాదిని పెట్టుకుని ఏళ్ల తరబడి పోరాడారు. ఆ పోరాట ఫలితంగా 1988లో రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ ఏర్పడింది. అది వృద్ధ కళాకారులకు ఆర్థిక సాయం చేసింది. బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్, లెడ్ జెప్లిన్ బృందం ‘హోల్ లాటా లవ్’ పాటలో తన రచనను వాడుకుందని 1985లో కోర్టుకెళ్లారు. కేసు రాజీతో ముగిసింది, పాట రచయితల్లో ఆయన పేరు చేరింది. తోటి కళాకారులు తమ హక్కులు రాబట్టుకునేందుకు ఆయన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ పెట్టారు.

పుట్టింట్లో పరాయివారు

1970ల నాటికి ‘రాక్’ అంటే గిటార్ పట్టుకున్న తెల్లజాతి యువకుడి బొమ్మే కళ్ల ముందుకొచ్చే స్థితి వచ్చింది. నల్లజాతివారు ఏం వాయించినా సోల్, ఫంక్ అనే గదుల్లోకి నెట్టారు. 1981లో మొదలైన ఎంటీవీలో నల్లజాతి కళాకారులు ఎందుకింత తక్కువని 1983లో డేవిడ్ బౌవీ ఆ ఛానల్ వ్యాఖ్యాతనే ఇంటర్వ్యూలో నిలదీశాడు.

రాక్ వాయించే హక్కు కోసమే ఒక సంఘం అవసరమైంది. గిటారిస్ట్ వెర్నన్ రీడ్, విమర్శకుడు గ్రెగ్ టేట్, నిర్మాత కోండా మేసన్ 1985లో న్యూయార్క్‌లో బ్లాక్ రాక్ కోయలిషన్ స్థాపించారు. రీడ్ బృందం లివింగ్ కలర్ 1988లో ‘వివిడ్’ ఆల్బమ్ తెచ్చింది, 1990లో హార్డ్ రాక్ విభాగంలో గ్రామీ గెలిచింది.

తూకం వేసేదెవరు?

హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో తొలిసారి ఎంపిక చేసిన 10 మంది ప్రదర్శకుల్లో బెర్రీ, లిటిల్ రిచర్డ్ సహా ఆరుగురు నల్లజాతివారు. అంటే చోటు అసలే ఇవ్వలేదనడం సరికాదు. కానీ చరిత్ర ఎలా రాయాలో తేల్చే కుర్చీలో ఎవరున్నారన్నది వేరే ప్రశ్న. రోలింగ్ స్టోన్ పత్రిక, హాల్ ఆఫ్ ఫేమ్ రెండింటి సహ వ్యవస్థాపకుడు జాన్ వెన్నర్ 2023లో రాక్ ‘మాస్టర్ల’ ఇంటర్వ్యూల పుస్తకం తెచ్చాడు. అందులోని ఏడుగురూ తెల్లజాతి పురుషులే. ఎందుకని అడిగితే, నల్లజాతి కళాకారులకూ మహిళలకూ ఆ మేధోస్థాయిలో మాట్లాడే నేర్పు లేదన్న అర్థంలో జవాబిచ్చాడు. మరుసటి రోజే హాల్ ఆఫ్ ఫేమ్ ఫౌండేషన్ బోర్డు అతన్ని తొలగించింది. అప్పటికే అతను ఏ సంగీతం గొప్పదో దశాబ్దాలుగా ప్రపంచానికి చెబుతూ వచ్చాడు.

బిగ్ మామా థార్న్‌టన్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం 2024లో దక్కింది. ఆమె చనిపోయింది 1984లో. కాబట్టి ఏ కళ గురించైనా పరిశోధించే విద్యార్థి సత్కారాల జాబితాతో ఆగిపోకూడదు. హక్కుపత్రం మీద ఎవరి పేరుంది? డబ్బు ఎవరి చేతికెళ్లింది? ఎంపిక చేసే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు? సినిమా పాటలుగా మారిన జానపద బాణీల గురించి మన దగ్గర కూడా ఈ ప్రశ్నలు అడగాల్సిందే. అదీ కళాకారులు బతికుండగానే అడగాలి.