కంప్యూటరుకు తెలుగు నేర్పినవాళ్ళు

పుంగనూరులో మా అమ్మ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. వడియాల పిండి కొలతలు, ఊరుబిండి, పెళ్ళిపాటలు, ఎవరింటి పెళ్ళికి ఎన్ని శేర్ల బియ్యం పట్టాయో, అన్నీ అందులోనే. పేజీలు నలిగిపోతున్నాయని 1998లో దాన్ని మదనపల్లెలో ఒక డి.టి.పి. కొట్టుకు పట్టుకెళ్ళి టైపు చేయించాను. అచ్చుప్రతి అమ్మ చేతికిచ్చి, ఫ్లాపీ నా బీరువాలో దాచుకున్నాను.

కొన్నేళ్ళకు అమ్మ పెట్టెకు చెదలు పట్టాయి. నోటుపుస్తకమూ పోయింది, అచ్చుప్రతీ పోయింది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఫ్లాపీ ఉందిగా, ఎందుకమ్మా బెంగ!" అన్నాను మహా ధీమాగా.

అప్పటికి మా అన్నకొడుకు కుప్పంలో చదువుతున్నాడు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం, 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్ళ ఐ-కమ్యూనిటీ వచ్చాక ఆ పక్క పల్లెల్లో కూడా కంప్యూటరు మాట వినిపిస్తుండేది. వాడి గదిలో ఫ్లాపీ పెట్టి తెరిస్తే ఏముంది? ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొమ్ములూ తోకలూ! "అత్తా, అవ్వ ఏ భాషలో రాసింది?" అన్నాడు వాడు. మదనపల్లెకు పరిగెత్తాను. కొట్టు ఎత్తేశారు. ఆ తెలుగు ప్రోగ్రాముకు కంప్యూటరు వెనకాల తగిలించే తాళంలాంటిది ఒకటుండేదట, అదీ ఎటు పోయిందో తెలియదు.

1919లో రవీంద్రనాథ్ టాగూరు జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాసింది మన మదనపల్లె కాలేజీలోనే. చేతిరాత కాబట్టి దాన్ని చదవడానికి కళ్ళుంటే చాలు. ఎనిమిదేళ్ళనాటి మా అమ్మ కొలతలు చదవడానికి మాత్రం తాళం కావాల్సి వచ్చింది!

అసలు సంగతి మన పోపులపెట్టెలాంటిదే. నా పెట్టెలో ఆవాలు మధ్యగిన్నెలో ఉంటాయి, మా తోడికోడలి పెట్టెలో అక్కడ జీలకర్ర ఉంటుంది. ఆ రోజుల్లో ఒక్కో ఫాంటులో 256 గిన్నెలు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఎవరిష్టం వాళ్ళది. ఒకరి పెట్టె సర్దుబాటుతో పెట్టిన పోపును ఇంకొకరి పెట్టెతో చదివితే గందరగోళం కాక ఏమవుతుంది? 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు కేటాయించి, అందరిళ్ళలోనూ ఆవాలు ఒకే గిన్నెలో పెట్టించింది. కానీ మామూలు జనం వాడే కంప్యూటర్లకు అది అంత తొందరగా చేరలేదు. విండోస్ ఎక్స్‌పీ 2001లో తెలుగు చూపించేదాకా ఆగాల్సి వచ్చింది.

ఈ మధ్యకాలంలో తెలుగును మోసినవాళ్ళలో పెద్ద కంపెనీల ఉద్యోగులు కానివాళ్ళే నాకు ఎక్కువ ముచ్చట గొలుపుతారు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి, ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. (రైస్ అంటే బియ్యం కాదు లెండి, ఆ విశ్వవిద్యాలయం పేరే అది.) చిన్న ఎల్ కొడితే 'ల', పెద్ద ఎల్ కొడితే 'ళ'. ఎంత సులువో చూడండి! తన పుస్తకం అచ్చు అందంగా రాలేదని అలిగి, డొనాల్డ్ క్నూత్ అనే ప్రొఫెసరు అచ్చుపనికి టెక్ అనే ప్రోగ్రాము రాసుకున్నాడు. దానికి తెలుగు అక్షరాలు కూర్చిన ఇద్దరిలో ఒకరు ముక్కవిల్లి లక్ష్మి. 'క' వంపు ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో లెక్కలతో చెప్పడమంటే మాటలా? మనం ముగ్గు చుక్కలు పెట్టినట్టే గానీ, ఒక్క చుక్క తప్పితే అక్షరమే వంకర. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఫాంట్లు చేసి, ఎవరైనా వాడుకోండి, పంచుకోండి అని ఉచితంగా ఇచ్చేశారు. మాకు తాళాలతో అమ్మినవి పనికిరాకుండా పోయాయి, తాళంలేని ఈ అక్షరాలు మాత్రం ఇంకా కనబడుతున్నాయి.

ఇక మాకు దేవుడిలా అడ్డుపడినవాడు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు మొదటి ఇటుక పెట్టింది ఆయనే. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే చిన్న ప్రోగ్రామూ ఆయన చేసిందే. ఏ ఫాంటులో ఏ ముక్క ఏ గిన్నెలో ఉందో ఒక్కొక్కటీ వెతికి పట్టిక కడితేనే అలాంటి ప్రోగ్రాము పనిచేస్తుంది. ఎంత ఓపికండీ!

అన్నకొడుకు రాత్రంతా కూర్చుని దాంతో మా ఫ్లాపీని మార్చాడు. తెల్లవారి పుంగనూరు తీసుకెళ్ళి చదివి వినిపిస్తే అమ్మ మాట్లాడకుండా విన్నది, పాటల దగ్గర మాత్రం పెదవులు కదిలాయి. ఊరుబిండిలో ఉప్పు కొలత దగ్గర ఒక్క ముక్క మారకుండా చదరపు గడిగా మిగిలిపోయింది. "అక్కడేముందే అమ్మా?" అంటే, "చేత్తో వేసేదాన్ని, నాకేం గుర్తు!" అంది. మా అక్క అర పిడికిలి అంటుంది, నేను ముప్పావు అంటాను. ఆ గడి ఇప్పటికీ అలాగే ఉంది.