తణుకు, కొల్లేటి సీమ గ్రామములు: చరిత్రము, నామోత్పత్తి

గోస్తనీ తీరమందలి తణుకు మొదలుకొని, తాడేపల్లిగూడెపు మెట్టలను, ఏలూరి పరిసరములను కలుపుకొని కొల్లేటి లంకలవఱకు వ్యాపించిన సీమ ప్రాచీన వేంగీదేశమునకు హృదయస్థానము. ఇచ్చటి గ్రామనామములలో రాజుల బిరుదములను ధరించినవి కొన్ని, పురాణకథలచే అలంకృతములైనవి కొన్ని. నేలను, నీటిని, చెట్టును చూచి జనులు తమకు తాము పెట్టుకొన్నవి మాత్రము అనేకములు. చరిత్రకారునకు ఈ కడపటివే మిక్కిలి విలువైనవి.

సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనమున వేంగీప్రభువుగా పేర్కొనబడిన హస్తివర్మ శాలంకాయన వంశజుడు. ఆతని రాజధాని ఏలూరునకు సమీపమున నేడు పెదవేగి యను పల్లెగా మిగిలియున్నది. విష్ణుకుండినుల శాసనములందలి లెందులూరే నేటి దెందులూరు. ఏడవ శతాబ్ది ప్రథమపాదమున కుబ్జవిష్ణువర్ధనుడు తూర్పుచాళుక్య వంశమును స్థాపించిన పిమ్మట ఈ సీమ సుమారు నాలుగు శతాబ్దములు ఆ వంశమువారి యేలుబడిలో నుండెను. వారి ‘నిరవద్య’ బిరుదమునుబట్టి వెలసిన నిరవద్యపురము ప్రజల నోట నిరవద్యప్రోలై, తుదకు నిడదవోలైనది. రుద్రమదేవిని వివాహమాడిన వీరభద్రుడు ఆ ఊరి చాళుక్యశాఖకు చెందినవాడు. భీమవరమునకు చాళుక్య భీముని పేరు వచ్చెనని ప్రతీతి. తణుకు చెంతనున్న అత్తిలి, పదవ శతాబ్దిలో రెండవ అమ్మరాజు కలుచుంబర్రు అను గ్రామమును జైనాలయ భోజనశాలకు దానమిచ్చిన శాసనమున ‘అత్తిలినాండు’ అను విషయమునకు పేరై కనబడుచున్నది. ఈ తామ్రశాసనములు సంస్కృతమున నడచుచున్నను, దానభూమికి ఎల్లలు చెప్పవలసిన చోట చెట్లు, చెఱువులు, పుట్టలు, త్రోవలు తెలుగు పేళ్లతోనే ప్రవేశించుట గమనింపదగినది. ఆ పంక్తులు నాటి రైతు నోటిమాట నేటికిని మనకు వినిపించు చోట్లు.

కలుచుంబర్రు నామాంతమందలి ‘పర్రు’ నేటికిని సజీవము. నీరు నిలుచు పల్లపునేలను ఈ సీమలో పర్ర యందురు. తణుకు ప్రక్కనే పైడిపర్రు కలదు. మెట్టకు పోవుకొలది ‘గూడెము’లు విరివియగును: తాడేపల్లిగూడెము, కొయ్యలగూడెము, జంగారెడ్డిగూడెము, బుట్టాయగూడెము. వీనిలో మొదటిదానిని చుట్టుప్రక్కలవారు ‘గూడెం’ అని మాత్రమే పిలుతురు. కొల్లేటిలోనికి దిగినచో గుడివాకలంక, కోమటిలంక, ఆగడాలలంక యని ‘లంక’లు వచ్చును. ఈ విధముగ మెట్టనుండి సరస్సునకు నడచువాడు ఊళ్ల పేళ్లనుబట్టియే పల్లము నెఱుగగలడు.

పురాణకథలు ఈ పేళ్లపై పిమ్మట వచ్చి చేరినవని తోచుచున్నది. తణుకు తారకాసురుని పట్టణమైన తారకాపురమని స్థానికుల విశ్వాసము. నన్నయభట్టు ఇచ్చట యజ్ఞము చేసెననియు చెప్పుకొందురు. ఏలూరు హేలాపురి యైనది, పాలకొల్లు క్షీరపురి యైనది. ఇట్టి కథలను నామోత్పత్తికి ప్రమాణముగ గ్రహింపరాదు. కాని తమ ఊరిని పురాణలోకమున నిలుపుకొనవలెనని తరతరములుగా జనులు పడిన ఆరాటమునకు అవియే సాక్ష్యములు గనుక త్రోసివేయుటయు తగదు.

కొల్లేటికిని యుద్ధస్మృతులు కలవు. 634వ సంవత్సరపు ఐహోళె శాసనమున రెండవ పులకేశి విజయముచే రక్తవర్ణమైనట్లు వర్ణింపబడిన కునాళ జలము కొల్లేరేయని చరిత్రకారుల నిర్ణయము. కులోత్తుంగచోళుని కాలమున ఈ సరస్తీరమునేలిన తెలుగు భీముడు చోళరాజకుమారునిచే ఓడింపబడెను. నాటి శాసనములందు ఈ స్థలము కొలను, సంస్కృతమున సరసీపురము.

1832-33 నాటి క్షామము పిదప, ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో ప్రారంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ సీమ బ్రదుకునే మార్చినది. కాలువల వెంబడి వరిచేలు పరచుకొన్నవి. 1925లో ఏలూరు ముఖ్యపట్టణముగ పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడెను. 1947లో తణుకున ఆంధ్రా షుగర్స్ వెలసినది. 2022 ఏప్రిలులో ఏలూరు వేఱు జిల్లా కాగా, తణుకు, తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రముగ గల పశ్చిమగోదావరిలో నిలిచినవి. గ్రామములందలి పొలముల పేళ్లకు ఇంతకంటె గొప్ప మార్పు 1984లో కరణముల వ్యవస్థ రద్దగుటతో వచ్చినదని చెప్పవచ్చును. ఏ పొలమునకు ఏ పేరో కంఠస్థముగ నెఱిగినవారు కచ్చేరి విడిచిన పిదప సర్వే నంబరే మిగిలినది. ఆ పొలముల పేళ్లను ఊరూర వ్రాసికొనుట అత్యవసరము.

కొల్లేరు 1999లో అభయారణ్యముగను, 2002లో రామ్‌సార్ చిత్తడినేలగను గుర్తింపు పొందినది. చేపల చెఱువులు సరస్సును ఆక్రమించుటచే లంకలు కొన్ని నేడు నీటినడుమ లేవు. బుడమేరు, తమ్మిలేరు పొంగి, ఉప్పుటేరు ఆ వరదనంతయు సముద్రమునకు చేర్పజాలని వర్షకాలమున మాత్రము అవి మరల లంకలగును.