‘రాష్ట్ర’ అన్న ఒక్క మాట

1871లో అమెరికా కాంగ్రెస్ కు క్లక్స్ క్లాన్ చట్టం చేసింది. హక్కు కాలరాసిన అధికారిని నల్లజాతి మనిషి పేరుపెట్టి కోర్టుకు లాగొచ్చు. (ఆ తరం చట్టాల్నే, 1866, 1875 నాటివి, బాబాసాహెబ్ ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఆధారంగా చూపించారు.) అయితే అది ‘రాష్ట్ర’ చట్టం మాటున హక్కు హరించినవాళ్లకే వర్తిస్తుంది. సరిహద్దు గస్తీవాళ్లు కేంద్రం మనుషులు. తప్పించుకున్నారు.

1990 ఇమిగ్రేషన్ చట్టం వాళ్ల బలప్రయోగానికి నియమాలు రాయమంది. 1994లో వచ్చాయి. చావో, తీవ్ర గాయమో ముంచుకొస్తోందని నమ్మే కారణం ఉంటేనే ప్రాణం తీసే బలం వాడాలి. మంచి వాక్యమే. కానీ ఆ నియమాల్లోనే ఇంకో వాక్యం: ఇవి ఎవరికీ కోర్టులో అడిగే హక్కు ఇవ్వవు! ఒక చేత్తో రాసి ఇంకో చేత్తో కొట్టేయడం మనకు కొత్తా?

2010 జూన్ 7. ఎల్ పాసో వైపు నిలబడి ఏజెంట్ కాల్చాడు. మెక్సికో నేల మీదున్న పదిహేనేళ్ల సెర్జియో హెర్నాండెజ్ చనిపోయాడు. ఆడుకుంటున్నారని కుటుంబం, రాళ్లు రువ్వారని ఏజెంట్. 1971 నాటి బివెన్స్ తీర్పు పట్టుకుని తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2020లో 5-4తో దావా చెల్లదన్నారు, అది కాంగ్రెస్ చూసుకోవాల్సిన పనట. 2022లో, తన సొంత స్థలంలోనే ఏజెంట్ నేలకేసి తోశాడన్న అమెరికా పౌరుడు బౌల్‌కీ అదే జవాబు.

1871 వాక్యంలో కేంద్ర అధికారుల్నీ చేర్చాలని 2021లో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.