పడమటి మెట్టసీమలో వడుకు, నేత
మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు మైసూరు పీఠభూమి తూర్పు అంచున, సముద్రమట్టానికి సుమారు రెండు వేల అడుగుల పైన ఉన్న మెట్టనేలలో వెలసినవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వీటి పాలన వేర్వేరు జిల్లాలకు చెందింది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాలలో చేరిన మదనపల్లె కడప జిల్లాలో ఉండగా, పుంగనూరు జమీందారీ, కుప్పం చేరిన కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉండేవి. పాలన వేరైనా బట్ట తయారీలో ఈ సీమ కథ ఒక్కటే. ఇక్కడ మగ్గం నేటికీ నిలిచి ఉంది గాని, దానికి నూలు అందించిన రాట్నం ఏనాడో మూలపడింది. చేతి వడుకు, చేనేత కలిసి బతికిన బట్టను పునరుద్ధరించాలనే ప్రయత్నాలకు ఏది అవసరమో తెలుసుకోవాలంటే, ఈ రెండూ ఎక్కడ విడిపోయాయో ముందుగా చూడవలసి ఉంటుంది.

యంత్రపు నూలు రాకముందు బట్ట తయారీలో మగ్గం చివరి మెట్టు మాత్రమే. ఎర్రనేలలు, రాగిచేలు, చెరువు కింది సేద్యం ఉన్న ఈ మెట్టలో పత్తి పంట స్వల్పం కావడంతో, కడప, బళ్లారి వైపు నల్లరేగడి భూములలో పండిన పత్తి మీద ఈ సీమ ఎక్కువగా ఆధారపడేది. గింజ తీసిన పత్తిని దూదేకులవారు ఏకేవారు. పై నుంచి వేలాడదీసిన పెద్ద విల్లు నారిని కొయ్య గుండుతో మీటితే, ఆ అదురుకు దూది పింజ పింజగా విడిపోయి, నలకలు కిందికి రాలిపోయేవి. అలా విడిన దూదిని సన్నని కడ్డీ మీద చుట్టి, కడ్డీని లాగివేస్తే మిగిలే మెత్తని గొట్టాలే ఏకులు. రాట్నపు కదురు మీద వాటిని నూలుగా సాగదీసే పని ఏ ఒక్క కులానిదీ కాదు, ఇంటిపనులు ముగిశాక అన్ని ఇళ్లలోని ఆడవాళ్లదీ. తొగటవారు, దేవాంగులు, పద్మశాలీలు ఆ నూలుకు గంజి పట్టించి, పడుగు (నిలువు పోగు) సాగదీసి, గుంట మగ్గం మీద పేక (అడ్డపోగు) కలిపి నేసేవారు. ముతక బట్ట నేతలో మాలల పాత్ర కూడా పెద్దది. గొర్రెల ఉన్నిని వడికి కంబళ్లు నేసే పని కురుబలది. ఒక మగ్గం ఖాళీ లేకుండా నడవాలంటే అరడజనుకు పైగా రాట్నాలు తిరగవలసి వచ్చేది కనుక, నేతగాడి జీవనం ఊరిలోని ఎందరో స్త్రీల తీరిక వేళల మీద ఆధారపడి ఉండేది.

ఈ పొందిక పంతొమ్మిదవ శతాబ్దంలో చెదిరింది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కాలం నాటికే మగ్గాల మీద, వృత్తుల మీద మొతర్ఫా అనే పన్ను ఉండేది. శతాబ్ది మధ్యకాలం దాకా కొనసాగిన ఆ పన్ను నేతగాడిని కుంగదీసింది. అయితే అతని కంటే ముందు దెబ్బతిన్నది వడికే స్త్రీ. ఇంగ్లండు నుంచి వచ్చిన మిల్లు నూలు చేతి నూలు కంటే చవకగా, తెగకుండా దొరకడంతో నేతగాళ్లు దానివైపు మళ్లారు. 1864లో జోలార్‌పేట, బెంగళూరుల మధ్య రైలుమార్గం కుప్పం మీదుగా వేయడంతో ఆ నూలు ఈ మెట్టకు చేరడం సులభమైంది. ధాత నామ సంవత్సరంతో మొదలైన 1876–78 నాటి కరువులో తిండిగింజలకే డబ్బు చాలని జనం బట్టలు కొనడం మానుకోగా, నేతగాళ్లను ఆదుకోవడానికి మద్రాసు ప్రభుత్వం నూలు ఇచ్చి, నేసిన బట్టను తానే కొనే ప్రత్యేక సహాయం చేపట్టవలసి వచ్చింది. మిల్లు నూలు నేతగాడి ముడిసరుకును మార్చి అతని మగ్గాన్ని మిగిల్చింది. వడికే ఆడవాళ్లకు మాత్రం ఆ కొద్దిపాటి రాబడి కూడా లేకుండా చేసింది.

ఇరవయ్యవ శతాబ్దపు ఖద్దరు ఉద్యమం సరిగ్గా ఈ నష్టాన్నే పూరించదలచింది. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు కమిటీ, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించడంతోపాటు దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. 1925లో గాంధీజీ అఖిల భారత చరఖా సంఘాన్ని స్థాపించారు. 1915లో అనీబిసెంట్ నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాల వల్ల మదనపల్లె అప్పటికే జాతీయ విద్యకు, హోమ్‌రూల్ భావాలకు పేరుపడిన ఊరు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించిందీ అక్కడే. అయినా జాతీయ భావం ఒక్కటే రాట్నాన్ని కలకాలం తిప్పలేదు. మిల్లు నూలుతో పోటీపడే ధర గాని, మిల్లు తీయలేని నాణ్యత గాని ఉన్నచోటనే చేతి వడుకు నిలిచింది.

అలా నిలిచిన చోటు శ్రీకాకుళం జిల్లా పొందూరు. అక్కడి స్థానిక పత్తి పింజ పొట్టిది కావడంతో పొడుగు పింజకు అలవాటుపడిన మిల్లులకు అది సరిపడదు. పట్టుసాలె స్త్రీల చేతిలో మాత్రం నూరు నంబరు దాటిన సన్నని నూలుగా సాగుతుంది. పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో దానిని బట్టి నంబరు లెక్కకడతారు గనుక, నూరు నంబరు అంటే పౌనుకు 84,000 గజాల దారం. ఇంత సన్నని దారం రావడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా చేసుకుని, దాని సన్నని పళ్లతో గింజ మీది పత్తిని దువ్వి, పోగులన్నీ ఒక దిక్కుకు తిప్పుతారు. చుట్టిన ఏకులకు దుమ్ము తగలకుండా ఎండిన అరటి దొప్పలో దాచి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మిక అభివృద్ధి సంఘం వడికేవారికి పత్తి అందించి, నూలు కొని, నేతగాళ్లకు చేర్చే పని చేపట్టడంతో వడుకు, నేత మళ్లీ ఒకే కప్పు కిందికి వచ్చాయి.

పడమటి మెట్టసీమ వేరొక దారి పట్టింది. పొరుగున ఉన్న మైసూరు రాజ్యంలో టిప్పు సుల్తాన్ ప్రోత్సహించిన పట్టుపురుగుల పెంపకం కోలారు ప్రాంతంలో స్థిరపడి, క్రమంగా మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు మల్బరీ తోటలుగా విస్తరించింది. పట్టు దారాన్ని వడకనక్కరలేదు. వేడినీటిలో నానిన కొన్ని గూళ్ల కొసలు కలిపి, తెగకుండా ఒకే దారంగా తీస్తే చాలు. అందువల్ల ఈ సీమ నేతగాళ్లకు వడుకు లేని లోటు తీరింది. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె జరీ అంచుల పట్టుచీరల నేతకు కేంద్రంగా ఎదిగింది. అయితే ఈ నేత కూడా నిశ్చింతగా లేదు. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసినా, మరమగ్గాలపై నేసిన చీరలు చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉన్నాయి. ముడిపట్టు ధర పెరిగినప్పుడల్లా పెట్టుబడి లేని నేతగాడు మాస్టర్ వీవర్ దగ్గర, అంటే ముడిసరుకు ఇచ్చి కూలికి నేయించే వ్యాపారి దగ్గర, అప్పులోకి దిగుతున్నాడు.

చట్టం ప్రకారం ఖాదీ అంటే భారతదేశంలో చేతితో వడికిన నూలు, పట్టు లేదా ఉన్ని దారంతో చేతి మగ్గం మీద నేసిన బట్ట. ఈ నిర్వచనం వడుకును, నేతను విడదీయదు. కాని ఆదరణ, ప్రదర్శనలు, బహుమతులు చాలావరకు మగ్గం దగ్గరే ఆగిపోతాయి. పొందూరులో సైతం వడుకు కూలి ఇతర పనుల కూలికి సాటిరాకపోవడంతో కొత్త తరం స్త్రీలు రాట్నం పట్టడానికి ముందుకు రావడం తగ్గింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో జరిగింది కూడా మూలంలో ఇదే: వడికేవారి శ్రమకు గిట్టుబాటు పోయిన తరువాతే రాట్నం ఆగింది. ఇక్కడ చేతి వడుకు బట్టను తిరిగి తేవాలనుకునేవారు ముందు తేల్చవలసిన లెక్క చీర ధర గురించి కాదు, ఒక చిలప నూలుకు వడికే మనిషికి ముట్టే కూలి గురించి.