మెదడులోని విద్యుత్తు జాడ

మూర్ఛను దయ్యపు చేష్ట యని మనవారు చాలకాలము నమ్మిరి. అది మెదడులో అదుపు తప్పిన విద్యుత్తు. ఆ విద్యుత్తు పుట్టుచోటును మానవుడెట్లు వెదకెనో నేనీనాడు మనవి చేసెదను.

1875లో ఇంగ్లండు వైద్యుడు రిచర్డు కేటన్ కుందేళ్ల, కోతుల మెదళ్లపై ఈ విద్యుత్తును కనుగొనెను. 1924లో జర్మను వైద్యుడు హాన్సు బెర్గరు దానిని మానవుని తలపై నమోదు చేసి, 1929లో ప్రకటించెను. ఇదియే ఇ. ఇ. జి. పరీక్ష. సెకనులో వేయవవంతున జరుగు మార్పును సైతము ఇది పట్టును. చోటును మాత్రము నిక్కముగా చెప్పజాలదు. పైకొలతలనుబట్టి లోపలి మూలమును ఒక్కదానినే తేల్చుట అసాధ్యమని 1853లోనే హెల్మ్‌హోల్ట్జు చూపియుండెను.

మా భావనపాడు జాలరికి ఈ చిక్కు క్రొత్తది కాదు. సంద్రమునుండి కానవచ్చు కొండ యొకటి దిక్కును మాత్రమే తెలుపును. రెండవ గుర్తు దొరికినగాని తావు తేలదు.

మెదడు విషయమున ఆ రెండవ గుర్తు ఆలస్యముగా లభించెను. 1952లో వేలూరున డాక్టరు జేకబ్ చాండీ మూర్ఛకు శస్త్రచికిత్స చేసిననాడు మెదడు కణజాలమును స్పష్టముగా చూపు సాధనము లేదు. 1973లో పాల్ లాటర్‌బర్ అయస్కాంతబలముతో చిత్రించు పద్ధతిని ప్రకటించెను, దానినుండి ఎమ్. ఆర్. ఐ. వెలసెను. ఇది మెదడు నిర్మాణమును చూపును, విద్యుత్తును చూపదు. నేడు రోగి మెదడు చిత్రమునకు ఇ. ఇ. జి. కొలతలను జతపఱచి, గణితముచే మూలమును అంచనా కట్టుచున్నారు. సాక్ష్యములు ఏకీభవించిననే శస్త్రవైద్యుడు ధైర్యముతో కత్తి పట్టును.

పదుగురిలో ఏడుగురికి మందులే చాలును. పెద్దలారా, మూర్ఛ వచ్చినపుడు ఏ చేయి ముందు వడకెనో గమనించి వైద్యునకు చెప్పుడు. ఎడమచేతిని నడపునది మెదడు కుడిసగము గనుక, మీ మాటయు ఆ యంత్రములకు తోడగు సాక్ష్యమే.