మొక్కు వెంట షికారు: బెజవాడ చుట్టుపట్ల యాత్రల చరిత్ర

పొరుగూళ్ళ జనం బెజవాడకు తరలివచ్చే ఆనవాయితీ ఎంత పాతదో చెప్పే సాక్ష్యం ఒకటి ఇంద్రకీలాద్రి పాదాన, మల్లేశ్వరస్వామి ఆలయ ప్రాంగణంలోని రాతిస్తంభం మీద దొరికింది. తూర్పు చాళుక్య వంశీయుడైన యుద్ధమల్లుడు 10వ శతాబ్ది తొలి భాగంలో వేయించినదిగా పండితులు భావించే ఈ శాసనం మధ్యాక్కరలో, అంటే సంస్కృత వృత్తాలతో సంబంధం లేని దేశి ఛందస్సులో, నడిచినందువల్ల సాహిత్య చరిత్రకారులు దానిని నన్నయకు ముందే తెలుగు పద్యం ఉండేదనడానికి రుజువుగా చూపుతూ వచ్చారు గాని, యాత్రల చరిత్రకు అందులోని సంగతి అంతకంటే విలువైనది. చేబ్రోలు కుమారస్వామి జాతరకని బెజవాడ వచ్చి, చోటు నచ్చి ఇక్కడే నిలిచిపోయాడనీ, ఆయనకు యుద్ధమల్లుడు గుడినీ మఠాన్నీ కట్టించాడనీ, ఆ మఠంలో గొరగలు, అంటే శైవ సన్యాసులు, తప్ప ఇతరులు విడిది చేస్తే మహాపాపం చుట్టుకుంటుందనీ ఆ పద్యాల తాత్పర్యం. ఇతరులు బస చేయకూడదని రాతి మీద చెక్కించవలసి వచ్చిందంటే, జాతర రోజుల్లో తల దాచుకునే చోటు కోసం జనం మఠం మీద పడుతూ ఉండేవారని ఊహించడం తప్పు కాదు. బస దొరకని ఇబ్బంది ఈ ఊరికి కనీసం వెయ్యేళ్ళ నాటిదన్నమాట.

విజయవాడ చుట్టుపట్ల నేడు చూడదగినవిగా పేరుపడిన చోట్లను వరసగా పరిశీలిస్తే, వాటిలో పాతవేవీ వినోదానికని పుట్టినవి కావని తేలుతుంది. తపస్సుకు తొలిచిన గుహలు, శత్రువును ఆపడానికి కట్టిన కోటలు, పొలాలకు నీరు పారించడానికి వేసిన ఆనకట్ట, సరుకు చేరవేయడానికి తవ్విన కాలవలు తమ అసలు పని చేస్తూనే, లేదా ఆ పని ముగిసిన తరువాత, సందర్శన స్థలాలయ్యాయి. పుణ్యమూ పురుషార్థమూ కలిసి రావాలనుకునే జనం మొక్కు పేరుతో బయలుదేరి, దారిలో ఊరు చూసి, బొమ్మలు కొని, బంధువుల ఇంట భోజనం చేసి తిరిగి వెళ్ళడమే ఈ ప్రాంతపు విహార పద్ధతి.

గుహల సంగతి తీసుకుంటే, కృష్ణకు కుడి ఒడ్డున ఉన్న ఉండవల్లి, ఎడమ ఒడ్డున ఊరి మధ్యలోని మొగల్రాజపురం, ఇంద్రకీలాద్రి దిగువనున్న అక్కన్న మాదన్న గుహలు మూడూ ఇంచుమించు ఒకే కాలపు సంప్రదాయానికి చెందినవి. వీటిని చాలామంది విష్ణుకుండినుల కాలానికి, అంటే 5వ, 6వ శతాబ్దుల ప్రాంతానికి చెందినవిగా చెబుతారు గాని, ఇంకా తరువాతివనే వారూ ఉన్నారు. ఉండవల్లిలో కొండ ముఖాన్ని నాలుగు అంతస్తులుగా తొలిచారు. కింది అంతస్తు పని మధ్యలో ఆగిపోయినట్టు స్తంభాలు మొరటుగా మిగిలి ఉండగా, పైన చీకటి గదిలో శేషుని మీద పవళించిన అనంతశయనమూర్తి నిడుపాటి విగ్రహం కొండరాతిలోనే మలచబడి ఉంది. కింద సగం చెక్కి వదిలిన స్తంభాన్నీ, పైన నునుపు తేలిన దేవుడి భుజాన్నీ ఒకే పూటలో చూసినవారికి శిల్పి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పుస్తకం చదవకుండానే తెలిసిపోతుంది. అక్కన్న మాదన్నల పేరు మాత్రం చాలా తరువాత వచ్చి చేరినది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులైన ఈ సోదరులు 17వ శతాబ్దివారు కాగా, గుహలు వారికంటే దాదాపు వెయ్యేళ్ళు పెద్దవి. వారు అక్కడ కచేరీ నడిపేవారన్న స్థానిక విశ్వాసమే ఆ పేరును నిలబెట్టింది.

7వ శతాబ్దిలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ధాన్యకటకానికి తూర్పున, పడమట కొండల నానుకొని రెండు బౌద్ధ సంఘారామాలు ఉన్నాయని రాయగా, ఆ వర్ణన బెజవాడ కొండలకే సరిపోతుందని ఫెర్గూసన్, రాబర్ట్ సెవెల్ వంటివారు 19వ శతాబ్దిలో వాదించారు. ధాన్యకటకం అమరావతి పక్కనున్న ధరణికోటే అన్నది తరువాత స్థిరపడిన అభిప్రాయం. ఆ అమరావతి స్తూపం కథ సందర్శకుల చరిత్రలో అన్నిటికంటే చేదైనది. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 18వ శతాబ్ది చివర అక్కడ కొత్త పట్టణం కట్టిస్తూ, రాతి కోసం దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను తవ్వించగా పాలరాతిని పోలిన శిల్ప ఫలకాలు బయటపడ్డాయి. సంగతి విని కాలిన్ మెకంజీ 1798లో వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. చూడవచ్చిన ప్రతివాడూ కొంత పట్టుకుపోగా, నేడు అమరావతి వెళ్ళినవారికి కనిపించేది దిబ్బ అడుగూ, స్థానిక మ్యూజియంలో మిగిలిన కొద్ది భాగమూ మాత్రమే. అదే వెంకటాద్రినాయుడు మంగళగిరిలో 1807-09 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం చెక్కుచెదరకుండా ఉంది. కొండ మీది పానకాలస్వామి నోట బెల్లం పానకం పోయించి, మిగిలిన సగాన్ని ప్రసాదంగా తాగి దిగివచ్చే భక్తులకు చాలా దూరం నుంచే అది ఆనవాలు.

ఊరి రూపాన్నీ, దానితో పాటు ఊరివారి షికార్లనూ నిజంగా మార్చింది మాత్రం నీటి పని. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరువు తరువాత కృష్ణకు అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన బలపడి, ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో ముగిసింది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ నది ఇరుకయ్యే చోట ఆనకట్ట నిలవడం వల్ల, ఎగువన ఎండాకాలంలోనూ నిండుగా ఉండే జలాశయం, దిగువన ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఊరిని చీల్చుకుంటూ పోయే ఏర్పాటు అమరాయి. స్నానఘట్టాలకు ఏడాది పొడుగునా నీరందడం, గుడి ముందు నది ఎల్లప్పుడూ నిండుగా కనిపించడం అనే రెండు వరాలు దుర్గమ్మ భక్తులకు సేద్యపు పని మూలంగా దక్కాయి. విజయదశమినాడు అమ్మవారు హంసవాహనం మీద నదిలో విహరించే తెప్పోత్సవానికి నిలకడ నీరు కావాలన్నది గుర్తుంచుకుంటే, ఆనకట్టకూ పండుగకూ ఉన్న సంబంధం అర్థమవుతుంది.

కాలవలు అప్పట్లో రహదారులు. బందరుకు, ఏలూరుకు వెళ్ళేవారు రేవులో పడవ ఎక్కితే, గాలి వాటంగా ఉన్నప్పుడు తెరచాప మీద, లేనప్పుడు గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగే మనుషుల బలం మీద, రాత్రంతా కడుపులో చల్ల కదలకుండా సాగిపోయేవారు. నీటిమట్టాలు మారే చోట పడవను తలుపుల మధ్య నిలిపి, నీరు నింపో తగ్గించో మరో మట్టానికి చేర్చే కట్టడాలను లాకులు అంటారు. తలుపు తెరిచేదాకా ఆగక తప్పదు గనుక లాకుల దగ్గర తినుబండారాల అంగళ్ళు వెలిసేవి. ఏలూరు దగ్గర గోదావరి కాలవలతోనూ, కొమ్మమూరు కాలవ ద్వారా పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలవతోనూ కలియడం వల్ల కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటి మీదే పోగల దారి ఏర్పడింది. వేసవిలో మరమ్మతులకు కాలవ కట్టేసిన రోజుల్లో మాత్రం ఈ ప్రయాణాలన్నీ ఆగేవి. పెళ్ళిళ్ళ కాలమంతా కాలవలు ఎండి ఉండడం డెల్టా వాసులకు ఎంత విసుగనిపించేదో ఊహించుకోవచ్చు.

రైలు వచ్చి పడవను వెనక్కి నెట్టింది. 1880ల చివర నిజాం రాజ్యం వైపు నుంచీ, గుంతకల్లు వైపు నుంచీ పట్టాలు బెజవాడ చేరాయి. 1890ల్లో కృష్ణ మీద రైలు వంతెన కట్టడంతోనూ, ఆ దశాబ్ది చివరికి మద్రాసు మార్గం కలియడంతోనూ బెజవాడ నాలుగు దిక్కుల కూడలి అయింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇక్కడ సమావేశం కావడానికీ, గాంధీని చూడాలని ఇసుక వేస్తే రాలనంత జనం పోగవడానికీ ఈ కూడలే వీలు కల్పించింది. పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీకి చూపింది ఆ సందర్భంలోనే. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవ జ్ఞాపకంగా 1887లో కలెక్టరు సెవెల్ శంకుస్థాపన చేసిన బందరు రోడ్డు భవనం తరువాత పురావస్తు ప్రదర్శనశాల అయి, ప్రస్తుతం బాపు మ్యూజియంగా వ్యవహారంలో ఉంది. 1921లోనే మారుతీ టాకీసు వెలిసింది. పల్లెవారు సంత బేరానికో కోర్టు పనికో వచ్చి, పని ముగించుకొని సినిమా చూసి వెళ్ళడం అప్పటి నుంచి అలవాటుగా స్థిరపడింది.

ఊరికి వాయవ్యంగా 20 కిలోమీటర్ల లోపున్న కొండపల్లి కోట 14వ శతాబ్దిలో రెడ్డిరాజుల కాలం నాటిది. గజపతుల నుంచి కృష్ణదేవరాయలకు, తరువాత కుతుబ్‌షాహీలకు, చివరికి 1766లో ఇంగ్లీషువారికి చేతులు మారిన ఈ కోట కంటే, కింది ఊళ్ళోని బొమ్మలే యాత్రికుణ్ణి ఎక్కువగా లాగుతాయి. చుట్టుపక్కల అడవిలో దొరికే తెల్లపొణికి అనే తేలికపాటి కర్రను ఆరబెట్టి, తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడినీ రంపపుపొట్టునూ కలిపి తయారుచేసే మక్కు అనే ముద్దతో అతికి, సున్నపు పూత మీద రంగులు దిద్దుతారు. మక్కు ఎండేదాకా చేతికి పని ఉండదు గనుక ఒకే ఇంట్లో పది ఏనుగులు తొండాలు లేకుండా, మరో పది తొండాలతో వరసగా నిలబడి ఉండడం అక్కడ మామూలు దృశ్యం. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాడిచెట్టెక్కే గీతగాడు బొమ్మల కొలువుల్లో, అంటే పండుగనాడు మెట్ల వరసల మీద బొమ్మలు పేర్చే ఆచారంలో, స్థానం సంపాదించాయి. కోట రాజులది, పేరు మాత్రం బొమ్మలవాళ్ళది.

డెల్టాలో బయటికి వెళ్ళే రోజును చాలాకాలం తిథులే నిర్ణయించాయి. మాఘ పౌర్ణమికి కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి, కార్తీక పౌర్ణమికి బందరు దగ్గరి మంగినపూడి, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళ, కార్తీకమంతా ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు ఈ వరసలోవి. 1924లో ఫాదర్ అర్లాటి చొరవతో గుణదల కొండ మీద నెలకొన్న మేరీమాత గుహాలయం కూడా ఈ పద్ధతిలోనే ఇమిడిపోయింది. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే ఉత్సవాలకు క్రైస్తవేతరులూ కొబ్బరికాయలతో, తలనీలాల మొక్కులతో రావడం చూస్తే, మతం ఏదైనా యాత్ర తీరు ఒక్కటేనని చెప్పక తప్పదు.

1952లో పాత ఆనకట్టకు గండిపడగా, 1954-57 మధ్య కట్టిన కొత్త బ్యారేజీకి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. దాని మీది రోడ్డు రెండు ఒడ్డులనూ కలపడమే కాక, సాయంత్రం గాలికి నిలబడే చోటునూ ఊరికి ఇచ్చింది. ఓర్ పేరుతో ఓర్ హిల్‌గా పిలిచిన కొండ మీద ఏడు స్తూపాలతో గాంధీ స్మారకం నిర్మించి, 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చేత ఆవిష్కరింపజేసి, గాంధీ హిల్ అన్నారు. నక్షత్రశాల, పిల్లల రైలు తోడైన ఈ కొండా, ఎగువన 130 ఎకరాల పైచిలుకు లంక, అంటే నది మధ్య దిబ్బ, అయిన భవానీ ద్వీపమూ కేవలం విహారానికని సిద్ధం చేసిన చోట్లు. ఇలాంటివి పాత తీర్థాలంత గట్టిగా నిలదొక్కుకోలేదన్నది నిజం. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల, అంటే సెకనుకు అన్ని లక్షల ఘనపుటడుగుల, వరద పోటెత్తినప్పుడు ద్వీపం మునిగింది. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి.

తిథి స్థానంలోకి ఆదివారం వచ్చి చేరడం ఈ కాలపు పెద్ద మార్పు. కార్తీక స్నానం, వనభోజనం, సెలవు మూడూ ఒకేరోజున కూడడంతో రేవులు కిటకిటలాడుతున్నాయి. 2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం నాడు, గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం సమీపాన అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు పన్నెండేళ్ళకొకసారి వచ్చే కృష్ణా పుష్కరాలకు 2016లో ఘాట్లు విశాలంగా కట్టారు. మరుసటి ఏడే ఈ దుర్ఘటన జరగడం ఘాట్లకిచ్చిన శ్రద్ధ పడవలకు దక్కలేదని చెబుతుంది. మళ్ళీ పుష్కరాలు 2028లో వస్తాయి. ఆలోగా రేవు రేవునా పడవల తనిఖీ, లెక్కకు మించి ఎక్కించకుండా కాపలా, ప్రతి ప్రయాణికుడికీ లైఫ్ జాకెట్ అమర్చడం అధికారుల బాధ్యత, అవి లేని పడవ ఎక్కకపోవడం యాత్రికుల బాధ్యత.